రోమెల్ జీవిత చరిత్రలు: ఏది కొనాలి, ఏ పేజీ దగ్గర అనుమానించాలి

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సేనలను నడిపిన ఫీల్డ్ మార్షల్ ఎర్విన్ రోమెల్ మీద పుస్తకం చేతికొస్తే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. రోమెల్ చనిపోయిన రోజు, 1944 అక్టోబర్ 14, ఎక్కడుందో వెతికి ముందు అది చదవండి. ఆ నాలుగైదు పేజీలు ఎలా రాశారో చూస్తే మిగతా పుస్తకాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేలిపోతుంది. ఆ రోజు సంగతులకు సాక్షులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఎవరు ఏం చూశారో, ఏం చూడలేదో స్పష్టంగా తెలుసు. కాబట్టి రచయిత ఎక్కడ గీత దాటాడో ఇట్టే పట్టుకోవచ్చు.

జరిగింది ఇదీ. ఉల్మ్ నగరం పక్కన హెర్లింగెన్‌లో రోమెల్ ఇల్లు. జులైలో నార్మండీలో తగిలిన తలగాయం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్నాడు. విమాన విధ్వంసక దళంలో పనిచేస్తున్న పదిహేనేళ్ల కొడుకు మాన్‌ఫ్రెడ్ ఆ ఉదయమే ఇంటికి చేరాడు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో బెర్లిన్ నంబరున్న ముదురాకుపచ్చ కారు గేటు ముందు ఆగింది. జనరల్ విల్‌హెల్మ్ బుర్గ్‌డోర్ఫ్, జనరల్ ఎర్నెస్ట్ మైసెల్ దిగారు. హిట్లర్ మీద జులై 20న జరిగిన హత్యాయత్నంలో నీ హస్తముందన్నారు. విషం తీసుకుంటే కుటుంబం జోలికి రాము, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తాం, కాదంటే పీపుల్స్ కోర్టుకు (నాజీల రాజకీయ న్యాయస్థానం) రావాలన్నారు. రోమెల్ మేడమీదికెళ్లి భార్య లూసీకి, తర్వాత కొడుక్కి, సహాయకుడు ఆల్డింగర్‌కు సంగతి చెప్పాడు. ఆఫ్రికా నాటి జాకెట్ తొడుక్కుని, మార్షల్ దండం చేత పట్టుకుని కారెక్కాడు. కారు కొన్ని వందల గజాలు వెళ్లి ఆగింది. మైసెల్‌నీ డ్రైవర్‌నీ దూరంగా పంపేశారు. ఐదు పది నిమిషాల తర్వాత డ్రైవర్ తిరిగొచ్చేసరికి రోమెల్ వెనక సీట్లో ఒరిగిపోయి ఉన్నాడు, టోపీ కింద పడి ఉంది.

పరీక్ష ఇక్కడే. ఆ ఐదు పది నిమిషాలు కారులో రోమెల్‌తో ఉన్నది బుర్గ్‌డోర్ఫ్ ఒక్కడే. అతను 1945 మే మొదట్లో బెర్లిన్‌లోని హిట్లర్ బంకర్‌లో ప్రాణం తీసుకున్నాడు. ఏ విచారణలోనూ నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. అంచేత కారులో రోమెల్ అన్న ఆఖరి మాట, కిటికీలోంచి చూసిన ఆఖరి చూపు అంటూ ఏ పుస్తకంలో కనిపించినా అది కల్పనే. అలా రాసిన చెయ్యి ఎడారి యుద్ధాల్లోనూ ఊరుకుని ఉండదు.

ఇంకో చిన్న తేడా గమనించండి. మూడు సెకన్లలో పనిచేసే విషం తెచ్చారని తండ్రి తనతో అన్నట్టు మాన్‌ఫ్రెడ్ రాశాడు. డ్రైవర్ చెప్పింది వేరు. తను వెళ్లేసరికి స్పృహ లేకపోయినా ప్రాణం ఇంకా పోలేదని, వెక్కుతున్నట్టు శబ్దం వస్తోందని చెప్పాడు. మంచి రచయిత ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వదిలేస్తాడు. తొందరపడేవాడు మూడు సెకన్ల మాటనే పట్టుకుని పేరా ముగిస్తాడు, అది నాటకీయంగా ఉంటుంది కాబట్టి.

రెండో పరీక్ష జులై 17. నాజీ ఎస్సెస్ దళాల సేనాని సెప్ డీట్రిష్‌ను కలిసి తిరిగొస్తుండగా సాంత్ ఫ్వా ద మోంగోమెరీ ఊరి దగ్గర మిత్రరాజ్యాల విమానాలు రోమెల్ కారును కాల్చాయి. డ్రైవర్ డేనియల్ చనిపోయాడు, రోమెల్ పుర్రె చిట్లింది. ఆ విమానం నడిపిందెవరు? కెనడా స్క్వాడ్రన్ పైలట్ చార్లీ ఫాక్స్ పేరు చెప్పేవాళ్లున్నారు, దక్షిణాఫ్రికాకు చెందిన లెరూ పేరు చెప్పేవాళ్లున్నారు. మిగతా పేర్లూ వినిపిస్తాయి. అటూ ఇటూ చూడకుండా ఒక్క పేరు రాసేసి ముందుకెళ్లిన పుస్తకానికి అక్కడే ఒక మార్కు తగ్గించండి.

మూడోది అన్నిటికంటే పెద్ద చిక్కు. హిట్లర్‌ను చంపే కుట్రలో రోమెల్ ఉన్నాడా? చాలా పుస్తకాలు దీన్ని ఒకే ప్రశ్నగా అడుగుతాయి. నిజానికి ఇందులో మూడున్నాయి. పశ్చిమాన యుద్ధం ఆపించాలని అనుకున్నాడా? హిట్లర్‌ను పదవి నుంచి దించే ప్రయత్నం జరుగుతోందని తెలుసా? చంపబోతున్నారని తెలుసా? మొదటిదానికి అవునని చెప్పడానికి ఆధారాలు గట్టివి. రెండు, మూడు ప్రశ్నల దగ్గరే గొడవంతా. 1944 జులై 9న కుట్రదారుల్లో ఒకడైన లెఫ్టినెంట్ కల్నల్ సీజర్ ఫోన్ హోఫాకర్ లా రోష్ గీయోన్‌లోని రోమెల్ ప్రధాన కార్యాలయానికొచ్చి మాట్లాడి వెళ్లాడు. ఆ గదిలో ఏమన్నారన్నది ఎవరి కథనం వారిది. హోఫాకర్‌ను అరెస్టు చేసి ఉరితీశారు. రోమెల్ కింద చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న హాన్స్ స్పైడెల్ కూడా అరెస్టయి, బయటపడి, 1949లో తన పుస్తకం రాశాడు. 1957లో నాటో మధ్య ఐరోపా భూతల సైన్యాల అధిపతి అయ్యాడు. స్పైడెల్ సాక్ష్యం లేకుండా ఈ కథ నడవదు. అయితే కొత్త జర్మన్ సైన్యానికి మచ్చలేని వీరుడొకడు కావాల్సిన రోజుల్లో ఆ వీరుడి పక్కన నిలబడటం స్పైడెల్‌కూ అవసరమే. ఈ సంగతి చెప్పకుండా స్పైడెల్‌ను ఉటంకించే రచయితను ఆచితూచి చదవాలి.

ఇక పుస్తకాల దగ్గరికొద్దాం.

డెస్మండ్ యంగ్ రాసిన "రోమెల్" 1950లో వచ్చింది. ఎడారి నక్క (రోమెల్ మారుపేరు) అనే బొమ్మను ఇంగ్లీషు పాఠకుల మనసులో స్థిరపరిచింది ఇదే. యంగ్ మన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ బ్రిగేడియర్. 1942 జూన్‌లో ఎడారిలో పట్టుబడ్డాడు. తెల్లజెండాతో వెళ్లి మీ ఫిరంగి దళాన్ని కాల్పులు ఆపమని చెప్పు అని ఒక జర్మన్ అధికారి ఆజ్ఞాపిస్తే కాదన్నాడు. అటుగా వచ్చిన రోమెల్, ఖైదీ చెప్పిందే న్యాయమని తేల్చాడు. పుస్తకమంతా ఆ క్షణపు కృతజ్ఞతలోనే నడుస్తుంది. ముందుమాట రాసింది ఆకిన్‌లెక్, అంటే రోమెల్‌తో తలపడిన సేనానే. 1951లో జేమ్స్ మేసన్‌తో సినిమా తీస్తే అందులో యంగ్ తన పాత్ర తనే వేశాడు. పుస్తకం బలం ఏమిటంటే, లూసీ, మాన్‌ఫ్రెడ్ లాంటి దగ్గరివాళ్ల జ్ఞాపకాలు చల్లారకముందే వాళ్లతో మాట్లాడాడు. శైలి హాయిగా సాగుతుంది, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. లోపం కూడా అంతే పెద్దది. యుద్ధం మధ్యలో, 1942 జనవరిలోనే చర్చిల్ కామన్స్ సభలో రోమెల్‌ను గొప్ప సేనాని అన్నాడు. ఓడినవాళ్లకు, తమను ఓడించినవాడు అసాధారణుడు అని చెప్పుకోవడంలో ఉన్న ఊరట యంగ్ పుస్తకంలో అడుగడుగునా కనిపిస్తుంది. నాజీ రాజ్యంలో రోమెల్ ఎదుగుదల గురించి అడగాల్సిన ప్రశ్నలు అడగడు. దీన్ని మొదట చదివితే ఆ తర్వాత ఏది చదివినా యంగ్ కళ్లతోనే చూస్తాం. అందుకే దీన్ని మూడో పుస్తకంగా పెట్టుకోండి.

"ది రోమెల్ పేపర్స్" (1953) జీవిత చరిత్ర కాదు, ముడిసరుకు. రోమెల్ రాసుకున్న యుద్ధ కథనాలు, భార్యకు దాదాపు రోజూ రాసిన ఉత్తరాలు, మధ్యలో ఆఫ్రికాలో అతనితో పనిచేసిన జనరల్ బాయర్‌లైన్ రాసిన భాగాలు, చివర మాన్‌ఫ్రెడ్ రాసిన అధ్యాయం. కూర్చింది బ్రిటిష్ సైనిక రచయిత లిడెల్ హార్ట్. ఇది చదవడానికో పద్ధతుంది. ఒక యుద్ధం గురించి రోమెల్ తర్వాత తీరిగ్గా రాసిన కథనం ముందు చదవండి. వెంటనే అదే తేదీల ఉత్తరాలు తిరగేయండి. కథనంలో అంతా ముందే తెలిసినట్టు కనిపించేది, ఉత్తరంలో అయోమయంగా, నిద్రలేనితనంగా, కడుపునొప్పిగా ఉంటుంది. అదే సమయంలో, ఉత్తరాలు ఇంట్లోవాళ్లు కంగారుపడకుండా రాసినవని, జులై 20 తర్వాత ఇలాంటి కాగితాలు ఇంట్లో ఉండటమే ప్రమాదమైందని గుర్తుంచుకోవాలి. లిడెల్ హార్ట్ ఫుట్‌నోట్లను విడిగా చూడండి. ఆయనకు తన సైనిక సిద్ధాంతాలు నిజమని నిరూపించుకునే పని ఒకటి ఉంది.

పేపర్స్‌లో జాగ్రత్తగా చూడాల్సింది సరఫరా గురించిన గోడు. రోమ్ వాళ్లు (మిత్రపక్షమైన ఇటలీ) పెట్రోలు పంపలేదు, ఓడలు మునిగాయి, అందుకే ఓడిపోయాం అన్న వాదన చాలా జీవిత చరిత్రల్లోకి ఉన్నదున్నట్టు దిగింది. ఒక్కసారి దూరాలు రాసుకోండి. లిబియాలో ట్రిపోలీ నుంచి బెంగాజీ దాదాపు 1,000 కిలోమీటర్లు. అక్కడి నుంచి టోబ్రుక్ ఇంకో 450. టోబ్రుక్ నుంచి ఈజిప్టులోని అలమైన్ 500 పైచిలుకు. పెద్ద రేవు ట్రిపోలీయే. అలమైన్‌లో ఉన్న ట్యాంకుకు అక్కడి నుంచి పెట్రోలు రావాలంటే లారీ సుమారు 2,000 కిలోమీటర్లు రావాలి, మళ్లీ వెనక్కి పోవాలి. తెచ్చే పెట్రోల్లో పెద్ద భాగం లారీయే తాగేస్తుంది. ఓడలు మునగకపోయినా ఈ లెక్క తేలదని సైనిక చరిత్రకారుడు మార్టిన్ వాన్ క్రెవెల్డ్ 1977లోనే వాదించాడు. ముందుకు పరుగెత్తడం రోమెల్ నిర్ణయం. ఆ పరుగే సరఫరాను చంపిందన్న కోణం పుస్తకంలో ఉందో లేదో చూడండి.

రొనాల్డ్ లెవిన్ "రోమెల్ యాజ్ మిలిటరీ కమాండర్" (1968) సేనాధిపత్యం వరకే పరిమితమైన పుస్తకం, బాగుంటుంది. అయితే ఇక్కడో తారీఖు గుర్తుపెట్టుకోవాలి: 1974. జర్మన్ రహస్య సందేశాలను బ్రిటన్ చదివేస్తుండేదన్న అల్ట్రా సంగతి విస్తృతంగా బయటపడింది ఆ ఏడే. అంతకుముందు వచ్చిన యంగ్, పేపర్స్, లెవిన్ మూడింటికీ ఆ సంగతి తెలిసే వీల్లేదు. రోమెల్ ఓడలు సరిగ్గా సమయానికి ఎందుకు మునిగేవో వాటిలో అసలు జవాబు ఉండదు.

రెండో వైపు కూడా అంతే ముఖ్యం. కైరోలో అమెరికా సైనిక ప్రతినిధి కల్నల్ బానర్ ఫెల్లర్స్ బ్రిటిష్ దళాల బలాబలాలు, పథకాలు వాషింగ్టన్‌కు వివరంగా పంపేవాడు. ఆ సందేశాల రహస్య కోడ్‌ను ఇటాలియన్లు 1941లో రోమ్‌లోని అమెరికా ఎంబసీ నుంచి కాజేశారు. 1942 జూన్ ఆఖరు దాకా ఆ సమాచారం రోమెల్‌కు అందుతూనే ఉంది. జులై 10న టెల్ ఎల్ ఈసా దగ్గర అతని రేడియో నిఘా కంపెనీని ఆస్ట్రేలియన్లు పట్టేశారు, దాని కెప్టెన్ జీబోమ్ తీవ్రంగా గాయపడ్డాడు. రెండు వారాల్లో రెండు చెవులూ పోయాయి. ఎడారి నక్క వాసన పట్టేవాడు అని రాసే పుస్తకంలో, ఇండెక్స్‌లో ఫెల్లర్స్ పేరు లేకపోతే ఆ పుస్తకాన్ని షెల్ఫ్‌లో తిరిగి పెట్టేయొచ్చు.

డేవిడ్ ఇర్వింగ్ "ది ట్రెయిల్ ఆఫ్ ది ఫాక్స్" (1977) పాత పుస్తకాల దుకాణాల్లో తగులుతూ ఉంటుంది, చదివించే గుణమూ ఉంది. కుట్ర గురించి రోమెల్‌కు తెలియదనే వాదనను బలంగా ముందుకు తెచ్చింది ఇదే. డైరీలు, బతికున్న సాక్షులు ఎంతోమందిని వెతికి పట్టుకున్నాడు, ఆ శ్రమ కాదనలేం. కానీ ఇర్వింగ్ తనే వేసిన పరువునష్టం దావాలో 2000లో లండన్ హైకోర్టు, ఆధారాలను తన రాజకీయాలకు అనుకూలంగా వంచాడని, యూదుల ఊచకోతను కాదనేవాడని తీర్పిచ్చింది. అందుకని ఇందులోని ఒక్క వాక్యాన్నైనా మరో చోట సరిచూసుకోకుండా ఎత్తిరాయొద్దు. మొదటిసారి చదివేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

డేవిడ్ ఫ్రేజర్ "నైట్స్ క్రాస్" (1993) లావుపాటి పుస్తకం. రచయిత బ్రిటిష్ సైన్యంలో జనరల్. 1917 అక్టోబర్‌లో ఇటలీ కొండల్లో, మాటాయూర్ శిఖరం దాకా యువ రోమెల్ సాగించిన దాడిని ఇంత విడమరిచి చెప్పిన పుస్తకం అరుదు. అక్కడ అర్థమైతే 1940లో మ్యూజ్ నది దాటడం, 1942 మేలో లిబియాలోని బ్రిటిష్ రక్షణ వరస గజాలా రేఖను దక్షిణం నుంచి చుట్టిరావడం అన్నీ ఒకే పద్ధతని తెలుస్తుంది: అధికారి ముందు వరసలో ఉండాలి, సందు దొరికితే ఆగకూడదు, వెనక ఏమవుతోందన్నది తర్వాత. ఈ గుణం బెటాలియన్‌కు వరం, సైన్యానికి తలనొప్పి. 1941 నవంబర్‌లో క్రూసేడర్ అనే బ్రిటిష్ దాడి మధ్యలో ఈజిప్టు సరిహద్దు కంచె వైపు పరుగెత్తి తన కార్యాలయానికే అందకుండా పోయిన ఘట్టాన్ని ఫ్రేజర్‌తో చదివి, ఆ పేజీల మీద పెన్సిలుతో మార్జిన్‌లో గంటలు, తేదీలు వేసుకోండి. ఎవరు ఎవరికి ఎంతసేపు అందుబాటులో లేరో కళ్లకు కడుతుంది. ఫ్రేజర్ లోపమల్లా సాటి సిపాయి మీది అభిమానం. ఇంకోటి, కాలం వల్ల వచ్చింది: రోమెల్ గెలిస్తే ఈజిప్టు, పాలస్తీనా యూదులను చంపడానికి వాల్టర్ రౌఫ్ నాయకత్వంలో 1942లో ఒక ఎస్సెస్ దళాన్ని సిద్ధం చేశారన్న పరిశోధన 2006లో వెలువడింది. 1993 పుస్తకంలో దాన్ని ఆశించలేం.

రాల్ఫ్ గియోర్గ్ రాయిట్ పుస్తకం ("రోమెల్: ది ఎండ్ ఆఫ్ ఎ లెజెండ్" అని ఇంగ్లీషులో వచ్చింది) పలచటిది, కారం ఎక్కువ. నాజీ మంత్రి గోబెల్స్ ప్రచారశాఖ రోమెల్‌ను ఎలా తయారుచేసిందన్నది దీని అసలు విషయం. గోబెల్స్ మనిషి కార్ల్ హాంకే 1940లో రోమెల్ డివిజన్‌లో పనిచేశాడు. ఆల్‌ఫ్రెడ్ బెర్న్‌ట్ అదే శాఖ నుంచి వచ్చి ఆఫ్రికాలో పక్కనే ఉన్నాడు. ఫోటోలన్నీ ఊరికే అంత బాగా రాలేదు. యంగ్ చదివిన మత్తు దిగడానికి ఇది మందు. కాకపోతే యుద్ధరంగం వర్ణన కోసం దీన్ని కొంటే నిరాశే.

మన పాఠకులకు ప్రత్యేకంగా రెండు పేర్లు. మొదటిది డైర్ ఎల్ షైన్. 1942 జులై 1న అలమైన్ రేఖలో ఈ చోట 18వ ఇండియన్ బ్రిగేడ్ నిలబడింది. ఎసెక్స్, సిక్కు, గూర్ఖా బెటాలియన్లు. సాయంత్రానికి బ్రిగేడ్ తుడిచిపెట్టుకుపోయింది, కానీ రోమెల్ జర్మన్ ట్యాంకు దళమైన ఆఫ్రికా కోర్‌కు మిగిలిన 55 ట్యాంకుల్లో 37 మాత్రమే మిగిలాయి, రోజంతా ఖర్చైపోయింది. అలెగ్జాండ్రియా వంద కిలోమీటర్లే ఉన్న సమయంలో ఆ రోజు విలువ ఎంతో ఆలోచించండి. ఈ ఊసు ఒక్క వాక్యంలో తేల్చేసే పుస్తకాలు ఉన్నాయి. రెండోది, మే 27న బిర్ హకీమ్ దగ్గర 3వ ఇండియన్ మోటార్ బ్రిగేడ్‌ను తొక్కేసిన దళం. అది ఇటాలియన్ల అరియెతే డివిజన్. జర్మన్లే ఆ పని చేశారని రాస్తే, రచయిత ఇటాలియన్లను లెక్కలోకి తీసుకోలేదన్నమాట. (ఆ బ్రిగేడ్‌తో ఉండి పట్టుబడ్డవాళ్లలో డెబ్బై ఏళ్ల బ్రిటిష్ అడ్మిరల్ వాల్టర్ కోవాన్ ఒకరు. అడ్మిరల్‌కు ఎడారిలో ఏం పని అని అడక్కండి, ఆయనకు యుద్ధముంటే చాలు.) ఇదే కోవలో, ఆఫ్రికా కోర్ అంటే ప్రధానంగా 15, 21 పాంజర్ డివిజన్లే. రోమెల్ మొత్తం సైన్యం 1942 నుంచి పాంజర్ ఆర్మీ ఆఫ్రికా. అందులో ఇటాలియన్లే ఎక్కువ. రెండింటినీ ఒకటి చేసేసే పుస్తకంలో సంఖ్యలేవీ నమ్మకండి.

తెలుగువాళ్లూ చేరే మద్రాస్ శాపర్లు (సైనిక ఇంజనీర్లు) 4వ ఇండియన్ డివిజన్‌తో అక్కడ పనిచేశారు. అలమైన్ సమాధుల తోటలో దహన సంస్కారం జరిగిన 600 మందికి పైగా సైనికుల పేర్లతో ఒక స్మారకముంది. ఈ జీవిత చరిత్రల్లో వీళ్ల కోసం వెతికితే దొరకరు, దానికి ఇండియన్ డివిజన్ల చరిత్రలు వేరే చదవాలి. ఆ ఎడారుల్లోనే పట్టుబడ్డ భారతీయ ఖైదీల నుంచి బోస్ ఐరోపాలో కూర్చిన దళాన్ని 1944 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ తీరంలో రోమెల్ తనిఖీ చేశాడు. ఆ ఫోటోలు జర్మన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

కొనేటప్పుడు అట్ట చూసి మోసపోకండి. యంగ్, లెవిన్ కొత్త అట్టలతో మళ్లీ మళ్లీ అచ్చవుతాయి. లోపల కాపీరైట్ పేజీలో మొదటి ముద్రణ ఏడు చూస్తే అల్ట్రాకు ముందుదో తర్వాతదో తెలిసిపోతుంది. పాత పేపర్‌బ్యాక్ అయితే మ్యాపుల పేజీలు చిరిగిపోలేదు కదా అని తిరగేయండి, మ్యాపు లేని గజాలా అధ్యాయం అగమ్యగోచరం. కిండిల్‌లో మ్యాపులు ఆవగింజంత కనిపిస్తాయి. ట్రిపోలీ, ఎల్ అగేలా, బెంగాజీ, టోబ్రుక్, సొల్లూమ్, మెర్సా మత్రూ, అలమైన్, అలెగ్జాండ్రియా ఈ వరసలో ఒక గీత మీద దూరాలతో కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుంటే సగం అయోమయం పోతుంది. ఊళ్ల స్పెల్లింగులు పుస్తకానికొకలా ఉంటాయి. బిర్ హకీమ్, బిర్ హాషీమ్ ఒకటే.

ఒక్కటే కొనగలిగితే ఫ్రేజర్. రెండైతే ఫ్రేజర్, రాయిట్. పేపర్స్ లైబ్రరీలో దొరికితే మాన్‌ఫ్రెడ్ రాసిన ఆఖరి అధ్యాయం మాత్రం ముందే చదివేయండి, తర్వాతి రచయితలు దాంట్లోంచి ఎంత తీసుకున్నారో, ఎంత కలిపారో పోల్చుకోవడానికి అదే కొలబద్ద. రాయిట్‌ను మాత్రం ఫ్రేజర్ తర్వాతే పట్టుకోండి. ముందు పట్టుకుంటే ఏ యుద్ధం గురించి వాదిస్తున్నాడో తెలియకుండానే పుస్తకం అయిపోతుంది.